ఒకే పోలికున్న రెండు ఐరిస్ సెంట్లలో ఏది కొనాలి? తిరుపతి ఎండలో తేల్చుకునే పద్ధతి

మూడు నెలల పాటు నా టేబుల్ సొరుగులో రెండు బుల్లి సీసాలు ఉన్నాయి. ఒకటి ప్రాడా వాళ్ల ఇన్ఫ్యూజన్ దిరిస్, రెండోది అదే కంపెనీ ఇన్ఫ్యూజన్ దోమ్. ఫ్రెంచిలో 'ఓమ్' అంటే మగవాడు, ముందు 'ద' చేరితే 'దోమ్' అవుతుంది. మా పాప ఆ పేరు విన్న రోజు నుంచి ఇంట్లో అది 'దోమ సెంటు' అయిపోయింది. నేనూ ఇక్కడ దాన్ని దోమ అని, మొదటిదాన్ని ఐరిస్ అని అంటాను.

రెండింటినీ తయారు చేసింది ఒక్కరే, డానియెలా ఆండ్రియే. ఐరిస్ 2007లో వచ్చింది, దోమ 2008లో. ఒక తల్లి బిడ్డలు, అక్కా తమ్ముడూ అనుకోండి. మొదటి రోజు పక్కపక్కన వాసన చూసి రెండూ ఒకటేనన్నాను. రెండో రోజు, అబ్బే, అసలు పోలికే లేదన్నాను. మూడో రోజు ఏ చేతికి ఏది కొట్టుకున్నానో మర్చిపోయాను. మా ఆయన నవ్వి, "బొమ్మా బొరుసూ వేసేయ్" అన్నారు. పెద్ద సీసాకు ఐదంకెల ధర పెట్టే చోట బొమ్మా బొరుసూ ఏమిటని నాకు ఒళ్లు మండింది. ఆ పట్టుదల మీద చేసిన పరీక్షల్లో పనికొచ్చినవి వరసగా చెబుతాను. మీ దగ్గరున్న జంట ఇదే కానక్కర్లేదు. పౌడర్ లాంటి వాసన వచ్చే ఏ రెండు ఐరిస్ సెంట్లకైనా ఇదే దారి.

ముందు దుంప సంగతి

ఐరిస్ ఒక పూల మొక్క. సెంట్లలో వాడే ఐరిస్ వాసన మాత్రం పువ్వు నుంచి రాదు, దుంప నుంచి వస్తుంది. ఆ దుంప చూడటానికి అల్లం, పసుపు కొమ్ము జాతిలా ఉంటుంది. ఇటలీలో ఫ్లోరెన్స్ చుట్టుపక్కల ఐరిస్ పాలిడా, మొరాకోలో ఐరిస్ జర్మానికా పండిస్తారు. మొక్కను మూడేళ్ల వరకు నేలలో ఉంచి, దుంప తవ్వి, తొక్క తీసి, ఎండబెట్టి, మళ్లీ మూడేళ్ల దాకా నిల్వ పెడతారు. పచ్చి దుంపకు చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. నిల్వలో గాలి తగిలి లోపలి పదార్థాలు మెల్లగా మారితే ఐరోన్లు అనేవి పుడతాయి. అసలు వాసన వాటిదే. పాత బియ్యానికీ పాత చింతపండుకీ మనం విలువ ఇచ్చినట్టే, ఆ దుంపకూ వయసు మీదే విలువ. పొడి కొట్టి ఆవిరి మీద తీస్తే నూనె కారదు, వెన్న లాంటి ముద్ద వస్తుంది. అందులో మిరిస్టిక్ ఆమ్లం అనే కొవ్వు ఎక్కువ కాబట్టి మామూలు వేడిలో గట్టిగానే ఉంటుంది. టన్ను దుంపలకు రెండు కిలోల దగ్గర దక్కుతుందంటారు. ఖరీదు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇక పౌడర్ సంగతి. యూరప్‌లో ఎండిన ఐరిస్ దుంప పొడినే ఒకప్పుడు మొహానికీ జుట్టుకూ పూసే పౌడర్లలో కలిపేవాళ్లు. 1893లో ఫెర్డినాండ్ టీమాన్, పాల్ క్రూగర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఐరోన్ ఏమిటో తేల్చే ప్రయత్నంలో దానికి చుట్టమైన అయోనోన్‌ను తయారు చేశారు. చవకగా వయొలెట్ పువ్వు వాసన దొరికింది. ఆ కుటుంబం సబ్బుల్లో, పౌడర్లలో, లిప్‌స్టిక్‌లలో చేరిపోయింది. అంటే ఐరిస్ సెంటు పౌడర్ లాగా ఉంటుందని మనం అంటున్నాం గానీ, వరస తిరగేసి చూస్తే పౌడరే ఐరిస్ లాగా ఉంటుంది.

మీ ఇంట్లో షాంపూ డబ్బా తిప్పి చూడండి, చాలా వాటి మీద ఆల్ఫా ఐసోమిథైల్ అయోనోన్ అని కనిపిస్తుంది. సెంటు అట్టపెట్టె మీద కూడా ఆ పేరు ఉంటే పౌడర్ మెత్తదనం కొంత అక్కడి నుంచి వస్తోందన్నమాట. ఎంత వేశారో మాత్రం పెట్టె చెప్పదు. అందుకని పెట్టెలు చదివి రెండింటికీ తేడా పట్టలేం.

మొదటి మెట్టు: మీ 'పౌడర్' ఏ పౌడరో రాసుకోండి

ఈ పని చెయ్యకుండా మిగతావి చేస్తే దండగ. పౌడర్ అనే ఒక్క మాట కింద అయిదారు వాసనలు దాక్కున్నాయి. స్నానం చేసి మెడకు పూసుకునే టాల్కం పౌడర్ ఒకటి. కొత్త లిప్‌స్టిక్ మూత తీసినప్పుడు వచ్చే మైనపు వాసన ఒకటి. పొడి బియ్యప్పిండి జల్లెడ పడుతుంటే ముక్కుకు తగిలే చప్పటి వాసన ఇంకొకటి, దానికి తీపి ఉండదు. క్యారెట్ తురుముతున్నప్పుడు వచ్చే మట్టి వాసన ఉంది, అది దుంపకు అన్నిటికన్నా దగ్గర. తర్వాత సబ్బు. ఆఖరున బీరువా.

1994లో మోరిస్ రూసెల్ చేసిన ఐరిస్ సిల్వర్ మిస్ట్ అనే సెంటు క్యారెట్, మట్టి వైపుకు పోతుంది. 2005లో ఒలివియే పోల్జ్ చేసిన మొదటి డియోర్ ఓమ్‌లో ఐరిస్ పక్కన కోకో చేరి లిప్‌స్టిక్ అయింది. మగవాళ్ల సెంటులో లిప్‌స్టిక్ ఏమిటని ముక్కు విరిచినవాళ్లు విరిచారు, మెచ్చినవాళ్లు మెచ్చారు. నా జంటలో ఐరిస్ పిండి వైపుకు, దోమ సబ్బు వైపుకు మొగ్గుతాయి. ఇది నా ముక్కు మాట.

మీకు ఇష్టమైన పౌడర్ ఏదో, అసలు భరించలేనిది ఏదో ఒక కాగితం మీద రెండే మాటల్లో రాసి దాచండి. నేను 'పిండి ఇష్టం, లిప్‌స్టిక్ వద్దు' అని రాసుకున్నాను. ఆ కాగితం చివర్లో పనికొచ్చింది, నేను అనుకున్నట్టు మాత్రం కాదు.

రెండో మెట్టు: సీసా జోలికి పోకుండా శాంపిల్

ఈ రకం సెంట్లు రాసుకుని చూడటానికి తిరుపతిలో ఉన్నవాళ్లం ఎక్కువగా చెన్నై, బెంగళూరు మాల్స్‌కే పోతాం. అక్కడ పది నిమిషాల్లో పది సెంట్లు చూసి, తలనొప్పితో రాత్రి బస్సెక్కడం నాకు అనుభవమే. దానికన్నా 2 మి.లీ. శాంపిల్ సీసాలు తెప్పించుకోవడం మేలు. ఒక స్ప్రేకు సుమారు 0.1 మి.లీ. పోతుంది. అంటే 2 మి.లీ.లో ఇరవై స్ప్రేలు, 100 మి.లీ. సీసాలో వెయ్యి. రోజుకు నాలుగు కొట్టుకున్నా పెద్ద సీసా 250 రోజులు వస్తుంది. ఆ 250 రోజుల్లో మీరు నిజంగా ఎన్ని రోజులు సెంటు పూసుకుంటారో కూడా ఇప్పుడే లెక్కేసుకోండి. నాకు పూర్తి సీసా ఆశ సగం అక్కడే చచ్చింది.

పేరు చివరి అక్షరం దాకా చూడండి. ఇన్ఫ్యూజన్ దిరిస్ మొదట ఓ ద పర్ఫ్యూమ్‌గా, అంటే గాఢత ఎక్కువున్న రకంగా వచ్చింది. తర్వాత అదే పేరు మీద ఓ ద టాయ్‌లెట్ (కాస్త పల్చటిది), అబ్సల్యూ రకాలు కూడా వచ్చాయి, అవి వేరే వాసనలు. దోమ ఓ ద టాయ్‌లెట్. డియోర్ ఓమ్ సంగతి ఇంకా చిక్కు. 2020లో ఆ పేరుతోనే వచ్చిన కొత్త సెంటులో పాత లిప్‌స్టిక్ ఐరిస్‌ను ముందు పెట్టలేదు, అది చెక్క వాసన. పాత మెప్పులు చదివి కొత్త సీసా కొంటే నెత్తిన చెయ్యి పెట్టుకోవాల్సిందే.

ఒకసారి ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర తెప్పించిన శాంపిల్ మీద ఐరిస్ అని చక్కగా అంటించి ఉంది, లోపల వెనిలా ఐస్‌క్రీం వాసన. అప్పటి నుంచి ఒకే శాంపిల్‌ను నమ్మను. అనుమానమొస్తే ఇంకో చోట ఇంకొకటి తీసుకుని పోల్చుకుంటాను.

మూడో మెట్టు: ముక్కు ఎక్కడ మోసం చేస్తుందో తెలుసుకోండి

ఐరిస్ జంటలను పోల్చడం మల్లె జంటల కన్నా, గంధం జంటల కన్నా కష్టం. తప్పు మీది కాదు, అయోనోన్‌ది. దాన్ని రెండు మూడు సార్లు గట్టిగా పీలిస్తే ముక్కులో దాన్ని పట్టే భాగాలు కాసేపు మూగబోతాయి. వాసన మాయమైపోతుంది. ఇంకాసేపటికి దానంతట అదే తిరిగొస్తుంది. మీరు ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, మళ్లీ ఎడమ చెయ్యి అని చూస్తుంటే, రెండోసారి ఎడమ చేతిలో ఏమీ రాకపోవచ్చు. 'ఇది నిలబడదు, తేలిపోయింది' అని తీర్పిచ్చేస్తాం. పోయింది సెంటు కాదు, ముక్కు.

కాబట్టి నియమం: ఒక్కోదాన్ని ఒక్కసారే, చిన్నగా, రెండు సెకన్లు. మధ్యలో కనీసం అయిదు నిమిషాలు. ముందు దేన్ని చూస్తారో ప్రతిసారీ మార్చండి, ఎందుకంటే ముందు చూసినదానికే ఎప్పుడూ లాభం. కొట్లలో కాఫీ గింజలు పెడతారు. ముక్కును కడిగే శక్తి వాటికి ఉందని పరీక్షల్లో తేలలేదు, మామూలు గాలి కన్నా అవి మెరుగేం కాదు. మా ఇంట్లో ఫిల్టర్ కాఫీ పొడికి లోటు లేదు గానీ, దాన్ని తాగడానికే ఉంచాను. వరండాలోకి వెళ్లి నిలబడితే చాలు, లేదా మీ మోచేతి మడతలో మీ ఒంటి వాసనే చూసుకోండి.

ఇంకొక మాట. బీటా అయోనోన్‌ను పట్టడంలో మనిషికీ మనిషికీ పుట్టుకతోనే తేడా ఉంటుంది. ముఖ్యంగా ఓఆర్5ఏ1 అనే ఒక జన్యువు మీద అది ఆధారపడుతుంది. కొందరికి అది కమ్మటి పువ్వు, కొందరికి పుల్లటి వాసన, లేదా అసలేమీ రాదు. మీకు బాగున్నది మీ ఆయనకో మీ ఆవిడకో వెనిగర్ అనిపిస్తే వాళ్లకు రుచి లేదని గొడవ పడకండి. వాళ్ల ముక్కు అలా పుట్టింది.

నాలుగో మెట్టు: మూడు కాగితాల పరీక్ష

మొత్తం పద్ధతిలో గుండెకాయ ఇదే. ఆహార పదార్థాల కంపెనీలు రెండు నమూనాల మధ్య తేడా జనానికి తెలుస్తోందా అని చూడటానికి వాడే పరీక్షే ఇది, ఇంట్లో వంటగదిలో చేసుకోవచ్చు.

వాసన లేని మందపాటి డ్రాయింగ్ కాగితాన్ని వేలెడు పొడవు ముక్కలుగా కత్తిరించండి. పాత పెళ్లి పత్రికలు వద్దు, వాటికి పసుపు, సిరా వాసన ఉంటుంది. పరీక్ష పెట్టే మనిషి వేరు, వాసన చూసే మనిషి వేరు ఉండాలి. మా ఇంట్లో పరీక్ష పెట్టింది పాప. రెండు ముక్కలకు ఒక సెంటు, మూడో ముక్కకు రెండోది, ఒక్కో స్ప్రే. వెనక పెన్సిల్‌తో గుర్తు. అయిదు నిమిషాలు ఆల్కహాల్ ఎగిరిపోనిచ్చి, మూడూ నాకు ఇచ్చింది. వాటిలో వేరుగా ఉన్నది ఏదో నేను చెప్పాలి. ఏది ఐరిస్, ఏది దోమ అన్నది అనవసరం. తేడా ఉన్నది ఏది, అంతే.

ఇలా ఆరు సార్లు, ఒక్క రోజులో కాదు, రెండు మూడు రోజుల్లో. కళ్లు మూసుకుని గుడ్డిగా చెప్పినా ఆరింట రెండు సరిపోతాయి. అయిదు గానీ ఆరు గానీ సరిపోతే అది అదృష్టం కాదు, గుడ్డిగా అలా కుదరడం నూటికి రెండు సార్లు కూడా జరగదు. మూడో, నాలుగో వస్తే తేల్చలేదని అర్థం.

నాకు ఆరింట అయిదు వచ్చాయి. గర్వంగా లేచాను. పాప మాత్రం ఆ కాగితాలు పారెయ్యలేదు. ప్రతి విడతకూ నాలుగు గంటల తర్వాత అవే ముక్కలు కలిపి మళ్లీ ఇచ్చింది. ఈసారి ఆరింట రెండే. అంటే నాలుగు గంటలు గడిచాక అక్కా తమ్ముళ్లను నేను గుర్తుపట్టలేకపోతున్నాను.

సెంటు ఎంచుకునేవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటుంది: మొదటి వాసనకు పడిపోవద్దు, ఆఖరికి చర్మం మీద మిగిలేది చూసి కొనమని. నేనూ అదే నమ్మి ఆఖరి వాసన కోసం రాత్రి పదింటికి మణికట్టు ముక్కుకు ఆనించుకుని కూర్చున్నాను. కవలల విషయంలో ఆ సలహా తిరగబడుతుంది. ఆఖరికి రెండూ ఒకటే అయినప్పుడు, ఆఖరి వాసన చూసి ఏం తేలుస్తాం? అవి ఎక్కడ విడిపోతున్నాయో ఆ గంట చూడాలి. నా జంటకు అది మొదటి రెండు గంటలు.

అన్ని జంటలకూ అలా ఉండదు. డియోర్ ఓమ్ ఇంటెన్స్, 2016 నాటి వాలెంటినో ఉవోమో ఇంటెన్స్ జంటను మా తమ్ముడి దగ్గర చూశాను. అవి మొదట్లో దగ్గర దగ్గరగా నడిచి, పోను పోను విడిపోతాయి. వాలెంటినో వెనిలా, తోలు వైపుకు తీయగా దిగుతుంది. అక్కడ పాత సలహాయే సరి. అందుకే పరీక్షను ఒకసారి మొదట్లో, ఒకసారి గంటకు, ఒకసారి నాలుగు గంటలకు చెయ్యమంటున్నాను. ఏ సమయంలోనూ తేడా పట్టలేకపోతే ఇక్కడితో ఆపేసి చవకది కొనుక్కోండి. మిగతా మెట్లు ఎక్కే పని లేదు.

ఐదో మెట్టు: మీ రోజులోకి తీసుకెళ్లండి

కాగితానికి చెమట పట్టదు. మనకు పడుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, పారిస్‌లో రాసిన వర్ణనలు చదివి కొంటే ఎలా?

ఒక రోజు ఒకే సెంటు. రెండు చేతులకు రెండు వేసుకుని తిరగొద్దు, కాసేపట్లో రెండూ ఒంటి చుట్టూ కలిసిపోతాయి. రోజు మామూలు రోజై ఉండాలి. నాకు మామూలు రోజంటే బైరాగిపట్టెడలో ఎనిమిదిన్నరకు షేర్ ఆటో, తొమ్మిదిన్నరకు బ్యాంకులో ఏసీ, ఒంటిగంటకు ఎండలో బయటికి, సాయంత్రం ఇంటికి. రెండు స్ప్రేలు, మోచేతి లోపల, మెడ పక్కన. వాసన లేని సబ్బుతో స్నానం, ఆ రోజుకు గంధం సబ్బు, టాల్కం పౌడర్, తలకు వాసన నూనె బంద్. మల్లెపూలు కూడా.

శుక్రవారం ఈ పరీక్ష పెట్టకండి. నేను పెట్టి ఒక రోజు పాడు చేసుకున్నాను. ఈ రెండు సెంట్లలోనూ అడుగున బెంజోయిన్ ఉంది, అంటే మన సాంబ్రాణి. సాయంత్రం ఇంట్లో సాంబ్రాణి పొగ వేశాక, ఆ వాసన నా చేతిదా, పూజగదిదా తెలియలేదు. సాంబ్రాణి ఒక్కటే కాదు, వట్టివేరు కూడా రెండింటిలో ఉంది. ఎండాకాలం కుండ నీళ్లలో వేసే ఆ వేళ్లే. ఐరిస్‌లో పచ్చి వాసన తెచ్చే గాల్బనం అయితే ఇంగువ మొక్కకు దాయాది, రెండూ ఫెరులా జాతి మొక్కల జిగురే. పేర్లు ఫ్రెంచివైనా సరుకు సగం మనకు తెలిసిన పచారీ కొట్టుదే.

ఈ సాంబ్రాణి, వట్టివేరు, దేవదారు చెక్క ఎందుకు వేస్తారంటే, తేలిక వాసనలు ఎగిరిపోకుండా పట్టుకోవడానికి. ఆ పనికి ఒకప్పుడు సెంటువాళ్లు పునుగు వాడేవాళ్లు. శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పునుగు తైలం పూస్తారని తెలిసిన ఊరివాళ్లకు, కొన్ని వాసనలు తాము నిలుస్తూ పక్కవాటినీ నిలబెడతాయని వేరే చెప్పాలా?

నా రోజుల్లో జరిగింది ఇదీ. ఐరిస్ వేసుకున్న రోజు మొదటి పది నిమిషాలు నారింజ పువ్వు, పచ్చి ఆకు. ఇంట్లో ఫ్యాను కింద ఎంతో బాగుంది. ఆటోలో అయిదుగురి మధ్య వేడికి ఆ నారింజ పువ్వు ఒక్కసారి తీపెక్కి, నాకే కాస్త ఊపిరాడలేదు. ఏసీలోకి వెళ్లాక చల్లబడి, పిండి వాసన నిలిచింది, మధ్యాహ్నం నాలుగింటి దాకా ఉంది. దోమ వేసుకున్న రోజు ఆటోలో ఉతికి ఆరేసిన చొక్కా వాసన. చెమట పట్టినా వికారం లేదు. కానీ రెండింటికల్లా చర్మం మీద నిద్రపోయింది. ఇలా రెండేసి రోజులు చూశాను, ఫలితం మారలేదు.

నా కాగితం మీద 'పిండి ఇష్టం' అని ఉంది, గుర్తుందా? ఆ లెక్కన ఐరిస్ గెలవాలి. కానీ రెండూ విడిపోయే ఆ రెండు గంటల్లో సగం నేను ఆటోలో, ఇరుకులోనే గడుపుతున్నాను. పిండి వచ్చే వేళకు రెండూ ఒకటే. అదే మీరు ఇంటి నుంచి పని చేసేవాళ్లయితే, లేదా కారులో ఏసీ వేసుకుని వెళ్లేవాళ్లయితే, నా తీర్పు మీకు తలకిందులు కావచ్చు. వాన పడే నవంబరులో అయితే నాకే తలకిందులు కావచ్చు. పరీక్ష చేసింది ఏప్రిల్‌లో.

కొండకు వెళ్లే రోజు మాత్రం నేను ఏదీ పూసుకోను. తిరుమలలో పూలన్నీ స్వామివే, మనం తలలో పెట్టుకోం. అదే మర్యాద సెంటుకూ వర్తింపజేసుకున్నాను. అది నా పద్ధతి, ఎవరూ పెట్టిన నియమం కాదు. పైగా క్యూ కంపార్ట్‌మెంట్లో గంటలు గంటలు పక్కన కూర్చున్న మనిషికి మన ఐరిస్ ఎందుకు?

ఆరో మెట్టు: పక్కవాళ్ల ముక్కు అప్పు తీసుకోండి

మన ముక్కు మూగబోతుంది కాబట్టి ఇది తప్పదు. అయితే 'బాగుందా?' అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, మొహమాటం. 'దీన్ని చూస్తే ఏం గుర్తొస్తోంది?' అని అడగండి. పేరు చెప్పకుండా.

ఐరిస్ కాగితం చూసి మా అత్త, "యాడో పాత బీరువా తెరిచినట్టుండాదే" అంది. పాపకు క్రేయాన్ల డబ్బా గుర్తొచ్చింది. మా ఆయన మాట్లాడకుండా ఇంకోసారి చూశారు, ఆయన విషయంలో అది మెప్పే. దోమకు బ్యాంకులో నా పక్క సీటు అక్క, "ఇప్పుడే నీళ్లు పోసుకుని వచ్చినట్టున్నావు" అంది. అత్త అదే కాగితం చూసి, "సబ్బే కదా, దీనికింత డబ్బా?" అని పక్కన పెట్టేసింది.

ఆడా మగా అనే ముద్ర ఈ దశలో దానంతట అదే ఊడిపోతుంది. పేరు తెలియకుండా చూసినవాళ్లలో ఒక్కరు కూడా దోమను మగవాళ్లది అనలేదు, ఐరిస్‌ను ఆడవాళ్లదీ అనలేదు. కొట్టు అరల్లో అటొకటి ఇటొకటి పెట్టినంత మాత్రాన మీరు ఒక అరకే పరిమితం కానక్కర్లేదు.

ఏడో మెట్టు: బట్టలు, నిల్వ

ఐరిస్ బట్ట మీద చర్మం మీద కన్నా చాలాసేపు ఉంటుంది. నూలు చీర కొంగు లోపలి వైపు ఒక స్ప్రే ఫరవాలేదు. పట్టు మీద వద్దు, మరక పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ మీద అసలే వద్దు, ఆ సహజ రంగుల మీద ఆల్కహాల్ ప్రయోగాలు ఎందుకు?

సీసాను వెలుతురుకు, వేడికి దూరంగా పెట్టండి. బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలితే ఏ సెంటైనా పాడవుతుంది. బీరువా మంచి చోటే, అందులో నాఫ్తలీన్ గోళీలు లేకపోతే.

ఎనిమిదో మెట్టు: మధ్య సైజు సీసా

ఇంత చేశాక కూడా నేరుగా 100 మి.లీ. కొనలేదు. 10 మి.లీ. దోమ తెప్పించుకున్నాను. నూరు స్ప్రేలు. రోజుకు రెండు చొప్పున యాభై పని రోజులు. అది అయిపోయే లోపు ఐరిస్ శాంపిల్ వైపు ఎన్నిసార్లు చెయ్యి పోతుందో క్యాలెండర్ మీద చుక్క పెడుతున్నాను. పదికి మించితే తీర్పు తప్పని ఒప్పుకుంటాను. ఇప్పటికి నాలుగు చుక్కలు, నాలుగూ ఆదివారాలే, ఇంట్లో ఫ్యాను కింద ఉన్నప్పుడే.

మిగిలిన ఐరిస్ మా ఆయన వాడేస్తున్నారు. రేణిగుంటకు పొద్దున్నే బండి మీద పోయే మనిషి, గాలికి ఆ నారింజ పువ్వు ఆయన్నేం ఇబ్బంది పెట్టదట.

పరీక్షల్లో వాడిన కాగితపు ముక్కలు ముప్పై పైన మిగిలాయి. పారేద్దామంటే అత్త అడిగి తీసుకుని, బాగా ఆరాక తన నూలు చీరల మడతల్లో పెట్టుకుంది. ఇప్పుడు ఆ పాత బీరువా తెరిస్తే నిజంగానే ఆ సెంటు వాసన వస్తోంది. ఏ ముక్క అక్కదో, ఏది తమ్ముడిదో వెనక పెన్సిల్ గుర్తు చూస్తే తప్ప నాకు తెలియడం లేదు.